తప్పిపోయింది ఎవరు?

విమానం ఎక్కి వచ్చిన వాళ్ళంతా ముందు విమానం సంగతి చెబుతారు. నేను చెప్పను. ఎందుకంటే నేను దాన్ని సరిగ్గా చూడనే లేదు. శంషాబాదులో బెల్టు బిగించుకున్నది మొదలు బ్యాంకాకులో దిగేదాకా, సుమారు మూడున్నర గంటలపాటు, మా అత్తమ్మ నా ముంజేతిని వదల్లేదు. గాజులు గుచ్చుకుని చర్మం మీద అచ్చు పడింది. మధ్యలో ఒకే ఒక్కసారి నోరు విప్పి, “రావణాసురుడు విమానంలో ఎత్తుకుపోతుంటే ఆ తల్లి ఎంత బెదిరిపోయి ఉంటుందే!” అంది.

మా అత్తమ్మకు ఏ సంగతైనా తిరిగి తిరిగి సీతమ్మ దగ్గరికే వస్తుంది. ఆమె తప్పు కాదు. ఆమె పుట్టిల్లు దుమ్ముగూడెం వైపు, పర్ణశాలకు దగ్గర పల్లె. బంగారులేడి వచ్చిందీ, రాముడు దాని వెంట పోయిందీ అక్కడేనని మా ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. సీతమ్మ చీర ఆరేసుకున్న గుర్తులంటూ వాగులో బండల మీద చారలు చూపిస్తారు. వాగు అవతల గుట్ట మీద రావణుడు విమానం ఆపాడంటారు. మేముండే పినపాక గోదావరికి ఇవతలి ఒడ్డున. ఇప్పుడు మాకు పక్కనే మణుగూరు బొగ్గు గనులు, కరెంటు కేంద్రం అన్నీ ఉన్నాయి గానీ, 1963లో అత్తమ్మ పదిహేనేళ్ళ పిల్లగా కాపురానికి వచ్చినప్పుడు అడవి, తునికాకు, ఇప్పపూలు తప్ప ఏమీ లేవట. భద్రాచలం దగ్గర వంతెన 1965లో గానీ రాలేదు. ఆమె పడవలో వచ్చింది.

అసలు ఈ ప్రయాణం మా వారూ నేనూ కలిసి చేయాల్సింది. 2023 నవంబరు నుంచి మన దేశం వాళ్ళకు వీసా అక్కర్లేదని థాయిలాండు వాళ్ళు ప్రకటించారు. ఆ వార్త రాగానే మణుగూరులో గనుల నుంచి రిటైరైన వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, ఇద్దరు టీచర్లు, అంతా కలిసి పద్దెనిమిది మంది తేలారు. సంక్రాంతి వెళ్ళాక బయల్దేరడం. నా చీటీ డబ్బులు కొంత, మా వారి డబ్బులు కొంత వేసి మేమూ చేరాం. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన ప్రయాణాలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు ఎక్కువ. అందులో రెండు ఆస్పత్రికి.

తీరా పదిహేను రోజులుందనగా ఆయనకు కంటి ఆపరేషను తప్పదన్నారు డాక్టరు. మానేద్దామని నేననలేదు, అంటారేమోనని భయపడ్డాను. ఆయన ఆ మాట అనలేదు గానీ అంతకన్న పెద్ద మాట అన్నారు.

“టికెట్లు ఇంకా తీయలేదటగా, పేరు మార్పిద్దాం. అమ్మని తీసుకెళ్ళు. అమ్మకు పాస్‌పోర్టు ఉండనే ఉంది.”

ఉంది. అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ కాన్పుకని తీయించిన పాస్‌పోర్టు. ఆ ప్రయాణం ఒకసారి తప్పిపోయింది, రెండోసారీ తప్పిపోయింది. ఒక్క ముద్ర కూడా పడకుండా అది బీరువాలో పట్టుచీరల కింద పడి ఉంది.

నాకు ఎంత మండిందో మీకు చెప్పక్కర్లేదు. తెల్లారి అయిదయ్యేసరికి మా అత్తమ్మకు టీ పడాలి. అయిదూ అయిదుకు కాదు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ టీ నేనే పెడుతున్నాను, పురుడు పోసుకున్న నెలలూ జ్వరం వచ్చిన రోజులూ మినహాయిస్తే. ఈ అయిదు రోజులైనా ఎండ మొహం మీద పడేదాకా పడుకోవాలని నేను మనసులో రాసి పెట్టుకున్నాను. బ్యాంకాకులో ఏం చూడాలని మిగతావాళ్ళు పుస్తకాలు తిరగేస్తుంటే నేను కన్న కల అదీ. సరేనని పైకి అన్నాను. ఆవకాయ డబ్బా, సున్నుండలు, అటుకులు, టీ పొడి, చిన్న సీసాలో గోదావరి నీళ్ళు, అన్నీ సర్దాను. మణుగూరులో రాత్రి రైలెక్కాం.

బ్యాంకాకులో దిగేసరికి అక్కడ తెల్లవారుతోంది. మన కంటే వాళ్ళు గంటన్నర ముందున్నారు. విమానాశ్రయం పేరు సువర్ణభూమి అని చెబితే అత్తమ్మ చుట్టూ చూసి, “ఇంత మంచి పేరు పెట్టుకుని ఈ అద్దాల కొట్టం ఏమిటే?” అంది. వరుసలో నిలబడి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకున్నాం. పోగొడుతుందేమోనని ఆమెది కూడా తీసి నా సంచిలో వేసుకున్నాను. హోటలు అడ్రసు వాళ్ళ భాషలో రాసిన కార్డులు మా మేనేజరు కుర్రాడు మనిషికొకటి ఇచ్చాడు. అదీ నా సంచిలోకే పోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

బయట మా కోసం నిలబడ్డ గైడు ఒక థాయి అమ్మాయి. చేతులు జోడించి “సవాది ఖా” అంది. ఆ మాట మన ‘స్వస్తి’ నుంచే వచ్చిందట. అత్తమ్మకు అదంతా తెలియదు, ఎదురుగా ఒక పిల్ల దణ్ణం పెట్టింది కనక, “చల్లగా ఉండు తల్లీ” అని దీవించేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కాసేపటికి చూస్తే వచ్చే పోయే మేడలకు దణ్ణాలు పెడుతోంది.

“అది బ్యాంకు అత్తమ్మా.”

“బ్యాంకైతే ఏం? పైన గరుత్మంతుడున్నాడు.”

నిజమే. గరుడుడు వాళ్ళ రాజచిహ్నం. ఆఫీసుల మీదా కొన్ని బ్యాంకుల మీదా రెక్కలు చాచి ఉంటాడు. నేను అప్పటిదాకా చూడలేదు, ఒప్పుకోవాలి కదా.

హోటలు గదులు మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరట. ఈ మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పద్దెనిమిది మందిమీ కింద హాల్లో సామాన్లు కుప్ప పోసి, వంతులవారీగా మొహాలు కడుక్కున్నాం. ముందు రాజుగారి కోట, అందులోని పచ్చబుద్ధుడి గుడి అనగానే అత్తమ్మ అడ్డం తిరిగింది. స్నానం లేకుండా గుడికా? మేనేజరు కుర్రాడు బతిమాలాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను. చివరికి ఆమే పెట్టె తెరిపించి, ఆవకాయ డబ్బా పక్కనున్న సీసా తీసి, గోదావరి నీళ్ళు తన నెత్తిన చల్లుకుని, నా నెత్తినా చల్లింది. మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి తలలు వంచారు. ఒక మేడమ్ గారైతే ‘నాకు కాస్త ఎక్కువ’ అని అడిగి మరీ చల్లించుకుంది. ఆ మేడమ్ గారే కోట గుమ్మం దగ్గర చిక్కుల్లో పడింది. చేతుల్లేని జాకెట్లూ మోకాళ్ళ పైకి లాగూలూ లోపలికి రానివ్వరు. ఆవిడ సరదాపడి వేసుకొచ్చిన పొట్టి ప్యాంటు చూసి కాపలావాడు తల అడ్డంగా ఊపాడు. ఎదురు కొట్లో ఏనుగు బొమ్మల పైజమా కొని పైన తొడుక్కుంది. అయిదు రోజుల్లో ఆవిడ ఫోటోలన్నిటికన్న మాకు ముద్దొచ్చింది ఆ పైజమా ఫోటోయే.

టికెట్టు మనిషికి 500 భాట్లు. ఒక్కో భాటుకు రెండున్నర రూపాయల చొప్పున మనసులో గుణించుకుని అందరం ఒకేసారి నిట్టూర్చాం. లోపలికి వెళ్ళాక ఆ లెక్క మరిచిపోయాం. ఎటు చూసినా బంగారు రేకులు, అద్దం ముక్కలు, గుమ్మాల దగ్గర రెండు నిలువుల ఎత్తు యక్షులు. వాళ్ళ చక్రి వంశపు మొదటి రాజు 1782లో ఈ నగరాన్ని రాజధాని చేసుకుని కట్టించినదట ఇదంతా. లోపల ఎత్తయిన పీఠం మీద పచ్చబుద్ధుడు. మనిషి మూరెడున్నర కూడా ఉండడు, 66 సెంటీమీటర్లే. ఏడాదికి మూడుసార్లు, ఎండాకాలం వానాకాలం చలికాలం మారినప్పుడు రాజు వచ్చి బట్టలు మారుస్తాడు. మేం వెళ్ళింది జనవరి కనక మెడ దాకా బంగారు వల కప్పి ఉంది. అత్తమ్మకు ఇది ఎంతో నచ్చింది. “చలి వేస్తుందని కప్పారు చూడు” అని నా చెవిలో అంది.

అక్కడ బుద్ధుడి వైపు పాదాలు చాపి కూర్చోకూడదు. అత్తమ్మ మోకాళ్ళు మడతపడవు. రెండు కాళ్ళూ బార చాపి కూర్చుంది. కాపలావాడు వచ్చి మర్యాదగానే వేలు చూపించాడు. చుట్టూ ఉన్న జనం చూశారు. నేను సిగ్గుతో ఆమెను లేపి, కాస్త విసురుగానే, బయటికి తీసుకొచ్చాను. గుడి చుట్టూ ప్రాకారం పొడుగునా కప్పు వేసిన పెద్ద వరండా ఉంది. దాని మెట్టు మీద కూర్చోబెట్టాను.

“ఇక్కడే కూర్చో. రెండు నిమిషాల్లో వస్తా. కదలొద్దు.”

రెండు నిమిషాలు కాదు. బంగారు గోపురం ముందు ఒక ఫోటో, యక్షుడి కింద ఒకటి, పైజమా మేడమ్ గారితో ఒకటి, అందరం కలిసి ఒకటి, అందులో ఒకరు కళ్ళు మూశారని ఇంకొకటి. ఎంతసేపైందో నాకే తెలియదు. తిరిగొస్తే మెట్టు మీద మా అత్తమ్మ లేదు. అదే చోట ఎవరో చైనా ముసలాయన కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

ఇప్పుడు రాయబోయే మాట మా ఇంట్లో ఎవరూ చదవకపోతే బాగుండును. ఖాళీ మెట్టు చూడగానే నాకు మొట్టమొదట భయం వేయలేదు. హాయి వేసింది. ఒంటి మీంచి బరువు దిగినట్టు ఒక్క క్షణం. రేపు అయిదింటికి టీ పెట్టక్కర్లేదు అని నా లోపలెవరో అన్నారు. అన్నది నేనేనని తెలిశాక కాళ్ళలో వణుకు పుట్టింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. తెలుగు తప్ప మాట రాదు, కోయభాష నాలుగు ముక్కలు వస్తాయి, అవి బ్యాంకాకులో ఎవరికి కావాలి? ఫోను ఉంది, అది ఊరు దాటితే పనిచేయదు. పాస్‌పోర్టు నా సంచిలో. హోటలు కార్డు నా సంచిలో. ఆమె దగ్గర ఉన్నదల్లా కొంగున ముడేసుకున్న నాలుగు రూపాయి బిళ్ళలు.

మేనేజరు కుర్రాడు ఒక గుమ్మం వైపు, గైడు అమ్మాయి ఇంకో గుమ్మం వైపు పరిగెత్తారు. నేను వరండా పట్టుకుని కుడి వైపు నడిచాను. ఎన్ని తెల్ల జుట్లు, ఎన్ని వంగిన వీపులు! నేత చీర ఒక్కటీ లేదు. గోడ పొడుగునా ఏవో బొమ్మలున్నాయని తెలుస్తోంది గానీ కంటికి ఆనడం లేదు. మా వారికి ఏం చెప్పాలి? కంటికి కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చున్న మనిషికి, ఫోటో దిగుతుంటే మీ అమ్మ పోయిందని చెప్పాలా? ఆ వరండా ఎంత పొడుగో! గుడిని చుట్టి రావడానికి నాకు ఒక జన్మ పట్టినట్టయింది. బయల్దేరిన మెట్టు దగ్గరికే ఇంచుమించు తిరిగొచ్చేసరికి, దానికి ఎడమ వైపు, నూరడుగుల దూరం కూడా లేదు, అత్తమ్మ గొంతు వినబడింది. మామూలుగా వినబడితే నాకు తలనొప్పి వచ్చే గొంతు.

గోడకు ఎదురుగా నిలబడి ఉంది. పక్కన చీపురు పట్టుకుని, నా వయసు థాయి ఆమె ఒకతె. అత్తమ్మ గోడ మీద వేలు చూపిస్తూ తెలుగులో చెబుతోంది. ఆమె తలూపుతూ తన భాషలో చెబుతోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఇద్దరికీ ఏ లోటూ ఉన్నట్టు లేదు.

“సీదా” అంది చీపురామె.

“అవునే తల్లీ, సీతే. ఇదుగో లేడి. మా పుట్టింటి దగ్గరే.”

నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “కదలొద్దన్నానా లేదా? తప్పిపోతే ఏం చేసేదాన్ని?”

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “నేను ఇక్కడే ఉన్నాగా. తప్పిపోయింది నువ్వు. రాముడు లేడి వెంట పోయాడు, నువ్వు ఫోటోల వెంట పోయావు.”

నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు.

అప్పుడు చూశాను ఆ గోడను. రామాయణం! గుడి చుట్టూ 178 చిత్రాలుగా మొత్తం కథ. రామకియెన్ అంటారు వాళ్ళు. మొదటి రాజు కాలంలోనే, 1797లో దాన్ని వాళ్ళ భాషలో రాయించారు. బొమ్మలకు ఎదురు స్తంభాల మీద పాలరాతి పలకల్లో పద్యాలున్నాయి. గైడు అమ్మాయి రొప్పుతూ వచ్చి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. మేనేజరు కుర్రాడు తెలుగు చేశాడు. రాముడు ‘ఫ్రా రామ్’. లక్ష్మణుడు ‘ఫ్రా లక్’. రావణుడు ‘తోత్సకాన్’. మేమంతా తెల్లమొహాలు వేస్తే అత్తమ్మ, “దశకంఠుడు కాదుటే! నోరు తిరక్క అట్లా అంటోంది పాపం” అంది. గైడు అమ్మాయిని అడిగితే అదే నిజమంది. రాముడికి ఆకుపచ్చ రంగు వేశారు. నల్లనివాడు కావాలి గానీ పోనీలే, తెల్లగా వేయలేదు కదా అని అత్తమ్మ క్షమించింది. హనుమంతుడి దగ్గర మాత్రం పెద్ద పేచీ వచ్చింది. వాళ్ళ హనుమంతుడికి ప్రేమ వ్యవహారాలు చాలా ఉన్నాయి. వారధి కట్టేటప్పుడు రాళ్ళు ఎత్తుకుపోయిన మత్స్యకన్యతో కూడా. అత్తమ్మ చెవులు మూసుకుంది. “ఈయన మన భద్రాచలంలో ఉన్నాయన కాదు. ఆ పేరుగలాయన ఇంకెవరో” అని తేల్చేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది గైడు. వాళ్ళ కథలో సీత తోత్సకాన్ కూతురేనట. పుట్టగానే, ఈ పిల్ల వల్ల వంశానికి చేటు అని జోస్యులు చెబితే కుండలో పెట్టి నదిలో వదిలేశారట. ఆ తర్వాతే జనకుడికి దొరికిందట. దీనికి అత్తమ్మ గొడవ చేస్తుందనుకున్నాను. చేయలేదు. “ఏ దేశంలోనైనా ఆడపిల్లను నీళ్ళ మీద పంపడమేనన్నమాట” అని చీపురామె చెయ్యి పట్టుకుని ఊపి, కొంగుముడి విప్పి ఒక రూపాయి బిళ్ళ ఇచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులతో తీసుకుని నుదుటికి ఆనించుకుంది.

మధ్యాహ్నం సంగతులు పెద్దగా చెప్పను. భోజనం మన దేశం వాళ్ళ హోటల్లోనే, పప్పులో చక్కెర వేశారు. వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడుగు. చూసి తల తిప్పేసరికి మెడ పట్టేసింది. అక్కడ వరుసగా 108 కంచు గిన్నెలుంటే, చిల్లర నాణేలు ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. ఆ టంగు టంగు చప్పుడు మా అత్తమ్మకు విసుగు పుట్టలేదు, మాకందరికీ పుట్టింది. అప్పటినుంచీ నేను ఆమె చెయ్యి వదల్లేదు. విమానంలో ఆమె నా చెయ్యి ఎలా పట్టుకుందో అలా.

సాయంత్రం అవతలి ఒడ్డున ఉన్న అరుణుడి గుడికి పడవ ఎక్కాం. నది పేరు చావో ఫ్రయా. గోదావరంత వెడల్పు లేదు, మా గోదావరి ముందు పిల్ల కాలువే. అయినా నీళ్ళ రంగు మాత్రం ఆషాఢంలో మా రేవు దగ్గర రంగే. పడవ ఊగగానే నేను కడ్డీ పట్టుకున్నాను. అత్తమ్మ పట్టుకోలేదు. కాళ్ళు ఎడంగా వేసి, నడుం నిలబెట్టి, ఏ ఊపుకూ తూలకుండా నిలబడింది. ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు నేను. కొంగులోంచి ఇంకో బిళ్ళ తీసి కళ్ళకద్దుకుని నీళ్ళల్లో వేసింది.

“మన రూపాయి ఇక్కడ చెల్లదు అత్తమ్మా.”

“కొట్లో చెల్లదు. దీనికెందుకు చెల్లదు?”

కాసేపాగి అంది: “నన్ను ఇట్లాగే ఎక్కించారే. మా నాన్న ఒడ్డున నిలబడ్డాడు. అవతలి ఒడ్డు దగ్గరయ్యే కొద్దీ, మీ మామయ్య మొహం కూడా చూడలేదు నేను, మా నాన్న చొక్కానే చూస్తున్నా. ఆ చొక్కా చిన్నదైపోయింది, చిన్నదైపోయింది, ఇంక కనపళ్ళేదు.”

ముప్పై నాలుగేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం. పడవలో వచ్చిందని విన్నాను. చొక్కా సంగతి వినలేదు. నేను అడగనూ లేదు.

రాత్రి గదిలో రెండు మంచాలు. ఆమె పాస్‌పోర్టు అడిగి తీసుకుంది. దీపం దగ్గర పెట్టుకుని ముద్ర ఉన్న పేజీ వెతికింది. “ఇంత చిన్నదా?” అని, దాన్ని దిండు కింద పెట్టుకుంది. హోటలు కార్డు నేనే ఆమె కొంగున కట్టాను, రూపాయి బిళ్ళల పక్కన.

ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. అలికిడికి మెలకువ వచ్చి చూస్తే మంచం మీద లేచి కూర్చుని ఉంది. గోడ గడియారం అయిదు. అలవాటు చొప్పున కాళ్ళు కింద పెట్టాను. నీళ్ళు కాచే జగ్గు ఎక్కడుందా అని చీకట్లో తడుముతున్నాను.

“ఇప్పుడు మన ఊళ్ళో ఎంతైందే?” అంది.

“మూడున్నర.”

“అయితే ఇంకో గంటన్నర పడుకో” అని, తను మాత్రం పడుకోకుండా కిటికీ తెర కాస్త పక్కకు జరిపి కూర్చుంది.